కోర్టు వెనక కట్టెల కొట్టు

నా పేరు రాతి మీద చెక్కించామని వాల్నట్ ఫోర్డ్ ఊరి పెద్దలు ఉత్తరం రాశారు. చదవగానే లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అయినా పెట్టుకున్నాను.

సంగతి ఇది. మార్చి నెలలో గుర్రాల సావిట్లో నిప్పు అంటుకుని ఆ ఊరి పెద్ద వీధి మొత్తం కాలిపోయింది. చర్చి పోయింది, బడి పోయింది, ముప్ఫై ఇళ్ళు పోయాయి. కోర్టు పైకప్పు దూలాలు మండుతూ కూలి దస్తావేజుల గది నెత్తిన పడ్డాయి. ఆ గది ఇటుక కప్పు మాత్రం చెక్కు చెదరలేదు. మూడో రోజు వేడి తగ్గాక తలుపు తెరిస్తే, జిల్లాలోని ప్రతి పొలం కాగితమూ, ప్రతి వీలునామా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "ఇళ్ళు పోయినా పొలాలు మావేనని చెప్పుకోగలుగుతున్నామంటే అది మీ చలవే" అని రాశారు. జూన్ మొదటి శనివారం సభ. ఆ గది గుమ్మం మీద నా పేరున్న రాయి పెడతారు. నేను వచ్చి తీరాలి.

నేనెవరో చెప్పాలి కదా. అసాహెల్ బర్డ్‌సాల్‌ని. ముప్ఫై రెండేళ్ళకు పైగా పెన్సిల్వేనియాలో ప్రభుత్వ కట్టడాలు గీస్తున్నాను. నాలుగు కోర్టులు, మూడు జైళ్ళు, ఒక పిచ్చాసుపత్రి, ఒక భూముల కచేరీ నావే. అంతకుముందు వడ్రంగిని. మా రోజుల్లో ఆర్కిటెక్టు కావడానికి చదువేమీ అక్కర్లేదు. ఇంగ్లండులో అచ్చేసిన బొమ్మల పుస్తకం ఒకటి, శుభ్రమైన కోటు ఒకటి ఉంటే చాలు, పేరు రాసిన పలక గుమ్మానికి తగిలించుకోవచ్చు. నేనూ అదే చేశాను.

నా కట్టడాలకు ఒక గుర్తు ఉందంటారు. ఇటుక కమాను కప్పున్న పెద్ద గది ఎక్కడుంటే అక్కడ, దాని బయటి గోడను ఆనుకుని ఒక వంటిల్లో, కట్టెల కొట్టో, కాపలావాడి గదో ఉంటుంది. చూసేవాళ్ళకి అది పనికొచ్చే చిన్న గది. నిజానికి దాని గోడలే పెద్ద కప్పుకి దన్ను. దీనికి బర్డ్‌సాల్ పద్ధతి అని పేరు కూడా పెట్టారు. ఫిలడెల్ఫియాలో కొత్తగా పలకలు తగిలించుకున్నవాళ్ళు దాన్ని నకలు చేసుకుంటున్నారు.

ఆ పద్ధతి నాది కాదు. ఈ మాట ఇంతవరకూ నోరు విప్పి ఎవరితోనూ అనలేదు.

వాల్నట్ ఫోర్డ్ కోర్టు నా మొదటి పెద్ద పని. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. అంతకుముందు ఆ జిల్లా దస్తావేజులు చెక్క గదిలో ఉండి ఒకసారి సగం కాలాయి. పొలం గట్ల కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు. అందుకని ఈసారి నిప్పంటని గది కావాలన్నారు. చెక్కముక్క లేకుండా నేల నుంచి నెత్తి దాకా ఇటుకే ఉండాలి. అలాంటి గది బొమ్మ నా పుస్తకంలో ఉంది. ఆ పుస్తకానికి అట్టలు లేవు, వెనక సగం చిరిగిపోయింది. ఉన్న సగంలో బొమ్మా చక్కగా ఉంది, కొలతలూ ఉన్నాయి. ఆ గదిని కత్తెరతో కోసినట్టు తీసి నా కోర్టుకి తూర్పు చివర అతికించాను.

తాపీ పనికి జోస్ట్ వెండెల్ అనే జర్మన్ మేస్త్రిని పెట్టారు. యాభై దాటిన మనిషి, పొట్టి, మెడ ఉందా లేదా అనిపించే భుజాలు. ఆ జిల్లాలో సగం పెరళ్ళలో రొట్టెలు కాల్చే పొయ్యిలు అతని చేతివే. సున్నం బట్టీలూ కట్టాడు. ఇంగ్లీషు చదవలేడు గాని బొమ్మను చదువుతాడు. అతని కూతురు అపొలోనియాకి పంతొమ్మిదేళ్ళు. పనివాళ్ళకి వండిపెట్టేది, తండ్రి పనికి వంకలు పెట్టేది.

పునాదులు తీసిన వారం ఊరి పెద్దమనిషి స్క్వైర్ గాల్ట్ నా బొమ్మను బల్ల మీద పరిచాడు. కోర్టు కట్టించే కమిటీకి ఆయనే పెద్ద. కమిటీ అంతా రైతులే. జోస్ట్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"బొమ్మ బాగుందండీ అయ్యగారూ. ఒకటే సందేహం. ఈ గదికి ఇటుపక్క కోర్టు హాలు గోడ ఉంది. అటుపక్క చుట్టాలెవరూ లేరేం?"

"చుట్టాలేమిటయ్యా?"

"కమాను కప్పు ఊరికే కూర్చోదండీ. రెండు పక్కలకీ తోస్తానే ఉంటది, పెళ్ళిలో బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్న లావుపాటి మేనమామ లాగా. ఇటు తోస్తే హాలు గోడ కాస్తది. అటు తోస్తే ఎవరు కాస్తారు, గాలా?"

కమిటీ వాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు అతని మాటకే గాని నా మీద కాదు. కానీ కొత్త కోటు వేసుకున్నవాడికి ప్రతి నవ్వూ తన మీదే అనిపిస్తుంది.

"చూడు వెండెల్, ఇవి లండనులో అచ్చయిన కొలతలు" అన్నాను. "రొట్టెల పొయ్యిలు కట్టుకునేవాడివి, కోర్టుల సంగతి నీకెందుకు?"

"రొట్టెల పొయ్యి కూడా కమానేగదండీ. దాని చుట్టూ మట్టి ఎందుకు ఎత్తిపోస్తాం?"

"రొట్టె చల్లారకుండా" అన్నాను.

కమిటీ ఇంకా గట్టిగా నవ్వింది. వాళ్ళ పెరళ్ళలో ఉన్న పొయ్యిలే కదా, కమాను తోపుని కాసేది ఆ మట్టేనని వాళ్ళకి తెలుసు. నాకు తెలియదు. నవ్వనిది జోస్ట్ ఒక్కడే. "సరేనండీ" అని టోపీ పెట్టుకుని పనికి పోయాడు.

గోడలు లేచాయి. చెక్క సెంట్రింగ్ మీద ఇటుక కప్పు వేయడం మొదలైంది. అప్పుడు హారిస్‌బర్గ్ నుంచి కబురొచ్చింది. రాష్ట్రం వాళ్ళు పెద్ద పిచ్చాసుపత్రి కట్టించబోతున్నారు, నా బొమ్మలు చూస్తారట. నెల రోజులు అక్కడే ఉన్నాను. ఆ పని చూసే కమిషనర్లకి పెద్ద కర్నల్ స్ట్రైకర్. చదువుకున్న మనిషి. ఆయన పుస్తకాల గదిలో నా పుస్తకమే కనపడింది, అట్టలతో సహా, పూర్తిగా. నాకు బాగా తెలిసిన బొమ్మ దగ్గరికి వెళ్ళి, నా దగ్గర లేని పేజీ తిప్పాను.

అక్కడ ఏడు గదుల వరస ఉంది. నేను తీసుకున్నది నాలుగోది. ఇటు మూడు, అటు మూడు, ఒకదాన్నొకటి కాచుకుంటూ నిలబడ్డాయి. రెండు చివర్లలోని గోడలు మనిషి అడ్డంగా పడుకునేంత మందం. నేను నడిమి గదిని ఒక్కదాన్ని పీకి గాలికి ఎదురుగా పెట్టాను. జోస్ట్ అడిగిన చుట్టాలు ఆ పేజీలో ఉన్నారు.

పుస్తకం మూసి మంట దగ్గరికి జరిగాను. "చలిగా ఉందా?" అన్నాడు కర్నల్. కొంచెం అన్నాను.

"మీ కోర్టు కప్పుకి సెంట్రింగ్ విప్పే రోజు మేమంతా వస్తాం. కప్పు నిలబడిందంటే ఆసుపత్రి పని మీదే" అన్నాడాయన.

తిరుగు దారిలో రెండు రోజులు బండిలో కూర్చుని ఒకే మాట వల్లె వేశాను. 'జోస్ట్, నువ్వు చెప్పిందే నిజం.' అంతే, నాలుగు మాటలు. ఆ మాట అంటే అతను గోడకి దన్ను కడతాడు. ఒక నెల ఆలస్యమవుతుంది. కమిటీ మళ్ళీ నవ్వుతుంది. కర్నల్‌కి తెలుస్తుంది. ఊరు దగ్గరపడే కొద్దీ ఆ నాలుగు మాటల్లో ఒక్కొక్కటే దారిలో రాలిపోయింది.

బండి దిగి కోర్టు దగ్గరికి వెళితే తూర్పు గోడకి ఒక కట్టెల కొట్టు అతుక్కుని ఉంది. మొరటు రాళ్ళతో రెండు అడ్డ గోడలు, వాటి మీద పెంకుల చూరు. గ్రీకు గుడిలా ఉండాలని నేను గీసిన తూర్పు ముఖానికి గేదెల పాక కట్టినట్టుంది.

"ఎవడు కట్టమన్నాడు దీన్ని?" అని అరిచాను.

జోస్ట్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చలికాలం జడ్జిగారికి కట్టెలు తడవకుండా ఉండాలి గదండీ. మీరు ఊళ్ళో లేరు. స్క్వైర్ గారినడిగితే సరేనన్నారు."

"నా బొమ్మలో ఉందా? రేపే కూలగొట్టు!"

అతను నా వైపు కాసేపు అదోలా చూశాడు. "కట్టెలు ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు మెల్లగా.

"నీ నెత్తిన పెట్టుకో!"

పొయ్యి దగ్గర నుంచి అపొలోనియా అందుకుంది. "నాన్నా, ఆయనకి చెప్పేస్తే పోదూ?" జోస్ట్ ఆమెను ఉరిమి చూశాడు. ఆ చూపు నేను చూశాను, అర్థం చేసుకోలేదు. కప్పు కూలిపోతుందన్న భయం కడుపులో ఉంటే, దాన్ని కాయడానికి కట్టిన గోడల్ని ఎదురుగా పెట్టుకుని తిట్టాను. అంత తెలివైనవాణ్ణి.

స్క్వైర్ గాల్ట్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చుట్ట తీయకుండానే, "కాళ్ళు చల్లబడితే మన జడ్జి శిక్షలు రెండింతలు వేస్తాడయ్యా బర్డ్‌సాల్. కొట్టు ఉండనీ" అన్నాడు. ఉండిపోయింది. నన్నడిగితే ఉండేది కాదు.

సెంట్రింగ్ విప్పే రోజుకి మా పనుల్లో ఒక ఆనవాయితీ ఉంది. జర్మన్ మేస్త్రీలు తెచ్చారు, తర్వాత అందరూ పాటించారు. కప్పు కింద సెంట్రింగ్‌ని ఎత్తి పట్టుకున్న చెక్క చీలలకి తాళ్ళు కట్టి గుమ్మం బయట నుంచి లాగుతారు. అవి ఊడాక సెంట్రింగ్ బెత్తెడు దిగి, కప్పు తన కాళ్ళ మీద తను నిలబడుతుంది, లేదా నిలబడదు. ఆ సేపు కప్పు గీసినవాడు టోపీ తీసి, తగరపు గ్లాసులో పులిసిన ఆపిల్ రసం పట్టుకుని దాని కింద నిలబడాలి. ఆఖరి చీల ఊడాక సగం తాగి సగం నేల మీద పోయాలి. గీసినవాడే నిలబడని కప్పు కిందికి ఇంకెవరూ రారు.

ఆ రోజు ఊరంతా వచ్చింది. కర్నల్ స్ట్రైకర్ ఇద్దరు కమిషనర్లతో వచ్చాడు. స్క్వైర్ గ్లాసు నింపి నా చేతికిచ్చాడు. గుమ్మం దాకా నడిచాను. లోపల చీకటిగా, చల్లగా, తడి సున్నం వాసనగా ఉంది. కాలు గడప దాటలేదు. దాటమన్నాను, దాటలేదు.

"నేను బయట ఉండి తూకంగుండు వేసి గోడ కదలిక చూడాలి" అని నా గొంతు అంటోంది. "శాస్త్రం ప్రకారం అదే ముఖ్యం."

కర్నల్ తల ఊపాడు. శాస్త్రం అంటే ఆయనకి గౌరవం. జనం మాత్రం గుసగుసలాడుకున్నారు. జోస్ట్ నా దగ్గరికి వచ్చి, నాకు తప్ప వినపడకుండా, "ఇలా ఇవ్వండయ్యగారూ, ఒలికిపోతోంది" అని గ్లాసు తీసుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేలా, "ఇటుకలు పేర్చినవాణ్ణి నేను. నేను నిలబడితే సరిపోదా ఏం?" అని లోపలికి వెళ్ళాడు.

అపొలోనియా నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి నా కాళ్ళ దగ్గర పడేసి ఆయన వెనకే వెళ్ళింది.

"బయటికి పోవే లోనీ!"

"నువ్వొస్తే నేనూ వస్తా."

"అచ్చం మీ అమ్మ మొండితనం!"

"అమ్మ ఉంటే ఇంకొకర్ని లోపలికి పంపేది" అంది ఆ పిల్ల, నన్నే చూస్తూ.

నేను తూర్పు గోడ పక్కన, గోడ నిలువు చూసే తూకంగుండుని తాడుతో వేలాడదీసి పట్టుకుని నిలబడ్డాను. గోడకేసి చూడలేదు. తాడు ఊగుతోంది, గోడ కదిలిందో నా చెయ్యి కదిలిందో నాకే తెలియదు. ఒకటి మాత్రం చెప్పాలి, మిగతా సిగ్గంతా దీని ముందు దిగదుడుపే. ఆ కప్పు కూలుతుందని నాకు తెలుసు. అనుమానం కాదు. నా లెక్క ప్రకారం అది కూలి తీరాలి. తెలిసి ఆ తండ్రినీ కూతుర్నీ దాని కింద నిలబెట్టాను. "ఆగండి" అంటే చాలు, తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆగేవాళ్ళు. ఎనిమిది చీలలు. ఒక్కొక్కటి ఊడి పడ్డ చప్పుడల్లా విన్నాను. ఎనిమిదిసార్లు నోరు తెరిచే వీలు దొరికింది.

ఆఖరి చీల ఊడాక ఇటుకలు ఒక్కసారి మూలిగాయి. గుమ్మంలోంచి సున్నం దుమ్ము పొగలా వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. దుమ్ములోంచి జోస్ట్ దగ్గు వినపడింది, ఆపైన, "నిలబడిందర్రోయ్!" అన్న కేక.

జనం అరుపులు, టోపీలు గాల్లోకి. కర్నల్ కట్టడం చుట్టూ నడిచి తూర్పు వైపు వచ్చి, కట్టెల కొట్టు ముందు ఆగాడు. లోపలికి తొంగి చూశాడు, గోడల మందం మూరతో కొలిచాడు. మొహం వెలిగిపోయింది.

"ఓహో, ఇదా కిటుకు! దన్ను గోడలకి కట్టెల కొట్టు వేషం వేయించారా! ఇంత చక్కటి ఆలోచన నేను ఎక్కడా చూడలేదు. బర్డ్‌సాల్ గారూ, ఇది మీదేనా?"

ఆ క్షణంలోనే నాకూ అర్థమైంది. నిలువునా నీరుకారిపోయాను. జోస్ట్ పక్కనే ఉన్నాడు, జుట్టు నిండా సున్నం, చేతిలో గ్లాసు.

"అవునండీ" అన్నాను.

జోస్ట్‌కి కోపం వచ్చి ఉంటే బాగుండేది. అతను నా వైపు, మాట ఇంకా పూర్తి కాలేదేమో, మిగతాది చెప్తాడేమో అన్నట్టు చూశాడు. నేను చెప్పలేదు. అపొలోనియా నోరు తెరవబోతే మణికట్టు పట్టుకుని ఆపాడు. గ్లాసులో మిగిలింది నా బూట్ల పక్కన నేల మీద పోసి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి పని నాకే వచ్చింది. దానికి తూర్పున వంటిల్లు పెట్టాను. జైళ్ళకి కాపలా గదులు పెట్టాను. ప్రతి కప్పు కిందా గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. దన్ను ఎక్కడుందో తెలిశాక నిలబడటం ఎంతసేపు? జోస్ట్‌ని మళ్ళీ ఏ పనికీ పిలవలేదు. అతనంటే గిట్టక కాదు, ఎదురుపడితే మొహం చెల్లక. వాల్నట్ ఫోర్డ్ మీదుగా వెళ్ళాల్సి వస్తే పన్నెండు మైళ్ళు చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. అతను పోయాడని పదకొండేళ్ళ కిందట ఎవరో చెప్పారు. ఆ కబురు వినగానే ముందు నా మనసుకి కలిగింది ఏమిటో తెలుసా? ఊరట.

సభకి వెళ్ళాను. జేబులో కాగితం పెట్టుకున్నాను. అందులో దాపరికం లేకుండా రాశాను: ఈ కప్పును నిలబెట్టింది జోస్ట్ వెండెల్, నేను దొంగిలించాను.

కాలిన వీధిలోనే బల్లలు వేశారు. పంది తొడ మాంసం, ఎండు ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, ఊరగాయ బీట్‌రూట్. తెల్ల రాయి ఒక బండి మీద ఉంది, నా పేరు పెద్ద అక్షరాలతో. స్క్వైర్ కొడుకు లూథర్ గాల్ట్ నన్ను పొగిడి పొగిడి చెమట తుడుచుకుని కూర్చున్నాడు. నేను లేచాను. ముందు బల్ల దగ్గర యాభై దాటిన ఒకావిడ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆ భుజాలు జోస్ట్‌వి. ఆవిణ్ణి చూడగానే కాగితం జేబులోంచి బయటికి రానంది.

"ఈ గొప్పతనం నా ఒక్కడిది కాదు" అన్నాను. "జోస్ట్ వెండెల్ అనే మేస్త్రి చేతి పనితనం లేకపోతే నా బొమ్మ బొమ్మగానే ఉండేది."

చప్పట్లు మారుమోగాయి. "పెద్ద మనసంటే అదీ!" అన్నారెవరో. "మేస్త్రి పేరు కూడా మర్చిపోలేదు చూశావా" అంది ఇంకో గొంతు. నా దొంగతనం నా వినయం అయిపోయింది. అలా అయ్యేట్టు మాటలు ఏరుకున్నది నేనే.

తిండి హడావుడిలో ఒక్కణ్ణే దస్తావేజుల గదిలోకి వెళ్ళాను. టోపీ తీసి కప్పు కింద నడిమధ్య నిలబడ్డాను, ఎందుకో. వెనక అడుగుల చప్పుడైంది.

"ఇప్పుడెందుకండీ నిలబడటం?" అంది అపొలోనియా. "ముప్ఫై రెండేళ్ళు దాటింది. ఇప్పుడు దీని కింద ఆవు కూడా నిలబడుద్ది."

టోపీ పెట్టుకున్నాను.

"ఇందాక విన్నాలెండి. చేతి పనితనమంట! మా నాన్నకి చేతులు మాత్రం ఇచ్చి తలకాయ మీరుంచుకున్నారా?"

"మీ నాన్న నా గురించి ఏమనేవాడమ్మా?"

"అదే నా మంట. ఒక్కనాడు చెడ్డ మాట అన్లేదు. 'ఆయన వస్తాడే లోనీ, వచ్చి తనే చెప్తాడు, మనం నోరు జారగూడదు' అనేవాడు. మీరు ఎక్కడ ఏం కట్టినా బండి కట్టించుకుని పోయి చూసొచ్చేవాడు. 'ఈసారి వంటిల్లు పెట్టాడే, కాపలా గది పెట్టాడే, బాగా నేర్చుకున్నాడు' అని మురిసిపోయేవాడు, మీరేదో తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళయినట్టు." ఆమె తలెత్తి కప్పు వైపు చూసింది. "పోయే ముందు వారం కూడా ఊళ్ళోకి ప్రయాణీకుల బండి వచ్చిందని ఊదే బూర వినపడితే, మంచం మీద తల ఎత్తి చూశాడు. ఇరవై ఒక్కేళ్ళు చూశాడండీ. నాకైతే మీరు రారని మొదటి రోజే తెలుసు."

గోడ పట్టుకున్నాను. అది అతని గోడే.

మళ్ళీ వీధిలోకి వచ్చి బెంచీ ఎక్కాను. ఎవరో చెయ్యందించారు. అందరూ ఇంకో పొగడ్త వింటామనుకుని నవ్వుతూ తిరిగారు.

"ఇందాక అబద్ధం చెప్పాను" అన్నాను. "నేను గీసిన గది కూలిపోవాల్సింది. జోస్ట్ నాతో చెప్పాడు, నేను వెక్కిరించాను. అతను కట్టెల కొట్టు పేరుతో దన్ను కట్టాడు, నేను దాన్ని కూలగొట్టమన్నాను. కప్పు పడిపోతుందని తెలిసీ అతన్నీ, కూతుర్నీ దాని కింద నిలబడనిచ్చి బయట దాక్కున్నాను. నిలబడ్డాక ఆ తెలివి నాదేనన్నాను. ఆ తర్వాత నేను కట్టినవన్నీ అతని కట్టెల కొట్లే."

ఫోర్కులు కింద పెట్టిన చప్పుడు వినపడింది. ఒకామె పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. పాత కమిటీలో మిగిలిన ముసలాయన ఒకడు, "రొట్టె చల్లారకుండా అన్నావు చూడు, ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

లూథర్ గాల్ట్ బండి మీది రాయి వైపు దిక్కుతోచక చూశాడు. "చెక్కించేశాం కదండీ... ఇప్పుడెలా?"

"రాయికి వెనక కూడా ఉంటుంది లూథర్" అంది అపొలోనియా. తీపి రొట్టెలు ముక్కలుగా కోస్తోంది, తల ఎత్తలేదు. "తిప్పండి. వెనకవైపు మా అబ్బాయి పీటర్ చెక్కుతాడు. ఆయన పేరు గోడ లోపలికి పెట్టి సున్నం పూయండి. ఇన్నాళ్ళూ మా నాన్న ఉన్నది అక్కడే."

ఎవరూ కాదనలేదు. నేను అసలే కాదనలేదు. ఆమె అన్ని పళ్ళేలూ నింపింది. నా ముందు పళ్ళెం పెట్టలేదు.

సోమవారం దాకా సత్రంలో ఉన్నాను. ఆమె పెద్దకొడుకు పీటర్ తాపీ మేస్త్రి, తాతలాగే పొట్టి. రాయి వెనక జోస్ట్ వెండెల్ పేరు, ఆ కింద 'ఈ కప్పును నిలబెట్టినవాడు' అని చెక్కాడు. నలుగురు మనుషులు కలిసి రాయిని గుమ్మం మీదికి ఎత్తారు. నా పేరు తడి సున్నంలోకి దిగిపోవడం చూశాను.

"నన్నూ ఏదైనా చెయ్యనివ్వండి" అన్నాను.

అపొలోనియా పనిముట్ల పెట్టెలోంచి తూకంగుండు తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు బయట నిలబడి ఇది పట్టుకోండి. మీకలవాటేగా."

పట్టుకున్నాను. రాయి నిలువు సరిపోయిందా అని పీటర్ పైనుంచి రెండుసార్లు అడిగాడు. తాడు వణుకుతూనే ఉంది. ఈసారి గోడకేసి చూసి చెప్పాను.